ఇంటి పాటలకు ఒక పెట్టె
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు పన్నులను గూర్చి, పద్దులను గూర్చి, త్రాగునీటిని గూర్చి వినుచున్నారు. అవి యన్నియు ముఖ్య విషయములే. ఈ పూట మేము చెప్పబోవునది వానితో పోల్చిన చిన్న విషయము. మా కుటుంబమువారమందరము కలిసి మా ఇంటి పాటల కొరకు సెల్‌ఫోనులో పనిచేయు ఒక చిన్న యాప్‌ను తయారు చేసికొంటిమి. దాని నిర్మాణములో కృత్రిమ మేధ అను క్రొత్త సాధనము మాకు తోడ్పడినది. మాలో ఇంజనీర్లు ఎవరును లేరు. పని యొక విధముగా నెరవేరినది. నడుమ ఒక పెద్ద పొరపాటును జరిగినది. ఆ రెంటిని దాచకుండ చెప్పుడని మీ తరగతి పెద్దలు కోరినందున వచ్చితిమి.

మేమనగా గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఒక గ్రామములోని ఉమ్మడి కుటుంబము. ఇంటికి పెద్ద మా మామ్మ, అనగా మా తండ్రిగారి తల్లి. ఆమెకు 86 ఏండ్లు. అక్షరములు రావు గాని పాటలు వచ్చును. అందరికంటె చిన్నది మా తమ్ముని కుమార్తె. తమ్ముడు హైదరాబాదులో ఒక దుకాణములో పద్దులు వ్రాయుచు పండుగలకు వచ్చిపోవుచుండును. బిడ్డ మాత్రము మా వద్దనే యుండి ఐదవ తరగతి చదువుచున్నది. నడుమ మా అమ్మయు, మేమును, ఇద్దరు కోడండ్రును.

మామ్మ కాపురమునకు వచ్చిన దినములలో ఇంటి ధాన్యము ఇంటిలోనే దంచుకొనెడివారు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటికి ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు మరియొకరి రోకలి దిగునట్లు వేటు వేయుదురు. ఆ వేటు తప్పకుండుటకే పాట. తిరుగలి పాట వేరు: అది త్రిప్పుడు గనుక సాగుచుండును. దంపు పాట వేటు గనుక విరుగుచుండును. ఊడ్పు పాటలో ఒకరు ఎత్తుకొనగా చేనిలోని వారందరు అందుకొందురు. తరువాత రైసుమిల్లు వచ్చినది. మా రోలు పెరటిలోనికి పోయినది. అందులో ఇప్పుడు కోళ్ళకు నీరు పోయుచున్నాము. దంపుడు పోయినందుకు మామ్మ ఏనాడును విచారింపలేదు. “ఆ రెక్కల నొప్పులు మీకేం తెలుసు?” అనును. కాని పనితోబాటు పాటయు పోయినది. మా అమ్మకు ఆ పాటలలో సగము వచ్చును. కోడండ్రకు రెండో మూడో వచ్చును. బిడ్డకు ఒక్కటియు రాదు.

ఈ నష్టమును మన పెద్దలు ముందే కనిపెట్టిరి. నేదునూరి గంగాధరముగారు జానపద గేయములను సేకరించి అచ్చు వేయించిరి. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది. అట్టి మహనీయుల కృషి లేనిచో ఎన్నియో పాటల మాటలు కూడ మనకు మిగిలియుండెడివి కావు. అయితే పుస్తకములో మాట నిలుచును గాని గొంతు నిలువదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు గ్రామఫోను పలకల కెక్కినవి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. గొంతును నిలుపు సాధనములు అట్లు వచ్చినవి గాని, చాల కాలము అవి తిరుగలి దగ్గర కూర్చున్న స్త్రీకి అందలేదు. ఇప్పుడన్ననో ధ్వనిని ముద్రించు సాధనము ప్రతి సెల్‌ఫోనులోను కలదు.

మేము మొదట యాప్‌ను తలపెట్టలేదు. మామ్మ పాటలను ఫోనులో ముద్రించుకొన్న చాలుననుకొంటిమి. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, ఎదుట ఫోను నిలిపి, పాడుమంటిమి. మూడు పాటలు పాడి, “ఇంకేం గుర్తులేవు” అనెను. అవియు నడుమ నడుమ తెగినవి. వయసు మీరినది గదా యని ఊరుకొంటిమి. కొన్ని దినముల తరువాత సంక్రాంతి పిండివంటలకై మా అమ్మ రోలు కడిగించి పిండి కొట్టుచుండగా, మామ్మ గోడకు చేరగిలబడి ఒక చిన్న రోకలి చేత బట్టుకొని నేలమీద ఊరక వేయుచు తానే ఎత్తుకొనెను. ఒకదాని వెంట ఒకటి, ఆ పూట ఆమె నోట పదకొండు పాటలు వచ్చినవి! పాట ఆమె తలలో కాదు, చేతులలో దాగియున్నదని అప్పుడు తెలిసికొంటిమి. ఆ పిమ్మట తిరుగలి పాటకు తిరుగలియే ముందు పెట్టితిమి. జోలకు ఉయ్యాల కట్టితిమి. ఒక్క ఏడాదిలో 40 పాటలు చేకూరినవి. మీలో ఎవరైనను ఇట్టి పని తలపెట్టినచో కుర్చీని దూరముగా నుంచుడని మా మొదటి విన్నపము.

పాటలు చేరినవి గాని వినువారు లేకపోయిరి. ఫోనులో అవి అంకెల పేర్లతో పడియుండెను. మామ్మకు తన పాట తానే వినవలెనన్న ఎవరో ఒకరు వెదకి ఇయ్యవలసి వచ్చుచుండెను. అప్పుడు బిడ్డ, “మామ్మ పాటలు పొద్దును బట్టి కదా పాడేది! ఫోనుకు టైము తెలుసు కదా!” అని అనెను. ఆ మాటయే మా యాప్‌కు పునాది. తెల్లవారుజామున తెరచినచో మేలుకొలుపులు కనబడవలెను, పగలు పని పాటలు, సంజవేళ హారతులు, గొబ్బి పాటలు, రాత్రి జోలలు. దానికి ‘పొద్దు’ అని పేరు పెట్టితిమి.

తమ్ముడు పండుగకు వచ్చినప్పుడు కృత్రిమ మేధను ఆశ్రయించితిమి. దీనిని గూర్చి ఒక మాట చెప్పవలెను. అది ఎక్కడనో కూర్చుండి మనకు జవాబు వ్రాయు మనుష్యుడు కాదు. మనుష్యులు వ్రాసిన అపారమైన వ్రాతలను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సమంజసమో ఊహించుటకు అలవరచిన గణనయంత్రము. కంప్యూటరు కిచ్చు ఆదేశములు కూడ ఒకవిధమైన వ్రాతయే గనుక, వానిని కూడ అది వ్రాయగలదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఇట్టి సాధనములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. తెలుగులో అడిగినను జవాబిచ్చును. ఊహించుట దాని స్వభావమని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఆ సంగతి ముందు ముందు అవసరము పడును.

మొదటిమారు తమ్ముడు, “పాటల యాప్ ఒకటి చేసి పెట్టు” మని ఒక్క ముక్కలో అడిగెను. అది నిమిషములలో పెద్ద భవనమువంటి దానిని కట్టి ఇచ్చెను. అందులో పేరు నమోదు, రహస్య సంకేతపదము, నక్షత్రముల గుర్తులు, ఇతరులకు పంపు మీట, ఇంక ఏమేమో ఉన్నవి. మామ్మ దానిని చూచి, “ఇది కరణంగారి కచేరీలా ఉంది” అని పెదవి విరిచెను. తప్పు యంత్రముది కాదు. ఇల్లు కట్టుమని మేస్త్రీకి చెప్పి, ఎన్ని గదులో చెప్పకున్న ఏమగును?

ఆ సాయంకాలము అందరము అరుగుమీద కూర్చుండి ఒక కాగితముపై మాకు కావలసినది వ్రాసికొంటిమి. చదువురాని వారికి పనికిరావలెను గనుక మీటలపై బొమ్మలుండవలెనని మామ్మ. నెట్టు లేనప్పుడు కూడ పాడవలెనని మా అమ్మ. మా ఊరిలో వాన పడిన చాలు సిగ్నలు పోవును. ప్రకటనలు రాకూడదని కోడండ్రు. ఫోను అడ్డముగా త్రిప్పినను బొమ్మలు చెదరకూడదని బిడ్డ. ఒక పాట పాడుచుండగా మరియొకటి నొక్కిన మొదటిది ఆగవలెనని మేము. ఈ కాగితమును చూచి తమ్ముడు యంత్రమునకు ఒక్కొక్క పనిని వేరువేరుగా చెప్పెను. ఈమారు వచ్చినది చిన్నది. ఒక్క తెర, నాలుగు పెద్ద మీటలు. యాప్ అంటిమి గాని, నిజమునకది ఫోనులోని బ్రౌజరు తెరచి చూపు ఒక పుటయే. ఒకమారు తెరచిన పిమ్మట పాటలతోసహా ఫోనులోనే నిలిచియుండునట్లు ఏర్పాటు చేయబడినది. దానికి యాప్ దుకాణమునకు పోనక్కరలేదు. ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు.

పాటల పరిమాణమును గూర్చి కొందరు అడుగుదురు. ధ్వనిని ఏమాత్రమును కుదింపక ఉంచినచో నిమిషమునకు సుమారు 5 మెగాబైట్లు పట్టును. 64 కిలోబిట్ల ఎంపీ3గా కుదించినచో నిమిషమునకు అర మెగాబైటు చాలును. మా 40 పాటలును కలిసి రెండు గంటలు గనుక యాప్‌లోని కుదించిన ప్రతులు 60 మెగాబైట్లకు లోపుననే ఇమిడినవి. కుదింపని అసలు ప్రతులను రెండు పెన్‌డ్రైవులలో భద్రపరచి, ఒకదానిని మా మేనత్తగారి ఇంట ఉంచితిమి. ఒకే ఇంట రెండును ఉంచిన, ఒకే వరదలో రెండును పోవును.

యాప్ మొదటి దినముననే చక్కగా నడచినదని చెప్పిన అబద్ధమగును. తెల్లవారుజామున తెరవగానే మేలుకొలుపు దానంతట అది పాడవలెనని కోరితిమి, పాడలేదు. మనుష్యుడు తెరను తాకనిదే ధ్వని చేయుటకు బ్రౌజరులు సామాన్యముగా ఒప్పుకొనవని తరువాత తెలిసినది. ఒక పాటమీద ఒక పాట పడినది. ఆగవలెనని కాగితములో వ్రాసియున్నను, దానిని యంత్రమునకు చెప్పుట తమ్ముడు మరచెను. “ఇద్దరు వియ్యపురాళ్ళు ఒక్కసారే మాట్లాడినట్టుంది” అని మామ్మ నవ్వెను. అది కూడ చెప్పి సరిచేయించితిమి.

రాత్రి సంగతి మాత్రము మూడు దినములు అంతుబట్టలేదు. పగలెల్ల చక్కగా నడచు యాప్ రాత్రి ఎనిమిది దాటిన వెంటనే ఖాళీ తెర చూపుచుండెను. జోలలు ఉన్నవి, కనబడవు. తమ్ముడు మరల మరల యంత్రమును అడుగగా అది క్షమింపుమని చెప్పి, బొమ్మలు మార్చెను, రంగులు మార్చెను; ఖాళీ తెర ఖాళీగనే ఉండెను. తుదకు అది వ్రాసిన ఆదేశములను తెలుగులో చదివి వినిపింపుమంటిమి. “గంట 20 కంటె తక్కువ కానిదియు, 4 కంటె తక్కువైనదియు అయినచో జోలలు చూపుము” అని యున్నది. వెంటనే బిడ్డ, “ఇరవై కంటే ఎక్కువా, నాలుగు కంటే తక్కువా ఒక్కసారే ఎలా అవుతుంది?” అని అడిగెను. అట్టి సంఖ్య ప్రపంచములో లేదు గదా! రాత్రి నడుమ దినము మారునని ఆలోచింపక రెంటిని ‘మరియు’ అని కలిపినది. ‘లేదా’ అని యుండవలెను. ఆ ఒక్క మాట మార్పించగానే జోలలు వచ్చినవి. ఐదవ తరగతి లెక్కలు తెలిసినవారు ఇంటిలో ఒకరున్న ఈ పని చేయవచ్చునని మేము ధైర్యముగా చెప్పుట ఇందుచేతనే. యంత్రము దిద్దిన ప్రతిసారి వెనుకటి ప్రతిని దాచుకొనుడు. మాకొకమారు అది ఒకటి దిద్ది రెండు చెరిపినది.

బొమ్మల విషయములో యంత్రమును విడిచిపెట్టవలసి వచ్చినది. రోలు, రోకలి గీయుమనగా అరచేతిలో పట్టు మందు నూరు గిన్నెయు, పొట్టి కఱ్ఱయు గీసెను. ఉయ్యాల యనగా ఉద్యానవనములో పిల్లలు ఊగు గొలుసుల ఉయ్యాల గీసెను. బిడ్డ పెరటిలోని రోటి ముందు కూర్చుండి పెన్సిలుతో తానే గీసెను. దానిని ఫోటో తీసి మీటపై పెట్టితిమి. రోలు కొంచెము వంకరగా ఉన్నది గాని, మా ఊరిలో దానిని చూచి ఏమిటని అడిగినవారు లేరు.

తరువాత ధ్వనిని శుభ్రపరచుట. పాటలలో కోళ్ళ కూతలు, మోటారు చప్పుడు ఉన్నవని, తమ్ముడు వానిని తొలగించు కృత్రిమ మేధ సాధనమొకటి తెచ్చెను. ఒక దంపు పాటను దానిలో వేయగా కోళ్ళు పోయినవి, మోటారు పోయినది, మామ్మ గొంతు గంటవలె మ్రోగినది. మేమందరము మెచ్చుకొంటిమి. మామ్మ వినివిని, “రోకలేదిరా?” అనెను. “గొంతొక్కటే ఉంటే ఇది దంపుపాట ఎలా అవుతుంది? బావిలో పడి పాడినట్టుంది.” మాటలాడు గొంతును మాత్రమే ఉంచి తక్కినదెల్ల రొదగా తీసివేయుటకు దానిని అలవరచిరి. దాని లెక్కలో రోకటి వేటు రొద. వేటు వేటుకు ఆమె విడుచు ఊపిరియు రొదయే. పాటకు తాళము ఏదియో దానినే అది ఊడ్చిపెట్టెను. అసలు ప్రతి పెన్‌డ్రైవులో ఉండుటచే బ్రతికితిమి. ఆ పాటలో ఇప్పటికిని కోడి కూయుచునే ఉన్నది.

పాటల మాటలను వ్రాయించుటకు, విన్న మాటను అక్షరముగా మార్చు సాధనమును వాడితిమి. తెలుగులో అట్టివి ఇప్పుడు కలవు, ఇందుకై కేంద్ర ప్రభుత్వము 2022లో ‘భాషిణి’ని ప్రారంభించినది, మదరాసు ఐఐటీలోని ‘ఏఐ4భారత్’ వారును కృషి చేయుచున్నారు. వార్తలవంటి భాషను ఈ సాధనములు చక్కగా పట్టుకొనును. మామ్మ పాటలో ధాన్యము కొలుచు ‘కుంచము’ను మాత్రము ప్రతిచోట ‘కొంచెము’ అని వ్రాసిపెట్టెను. కుంచముతో కొలుచుట మానివేసిన లోకమునకు ఆ మాట ఎట్లు తెలియును? మా అమ్మ ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క పంక్తిని దిద్దినది.

ఇక ఊహించుట యంత్రము స్వభావమని ఇందాక చెప్పితిమి. ఒక దంపు పాటలో అత్తవారింట ఉన్న చెల్లెలిని పండుగకు తీసికొనిపోవుటకు అన్న వచ్చును. అందులో మూడవ చరణము మామ్మకు ఎంతకును జ్ఞప్తికి రాలేదు. తమ్ముడు ముందువెనుకల చరణములను యంత్రమునకిచ్చి నడిమిది పూరింపుమని అడిగెను. అది క్షణములో నాలుగు పంక్తులు వ్రాసెను. ప్రాస కుదిరినది, నడక కుదిరినది. మేము సంతోషించి మామ్మకు చదివి వినిపించితిమి. ఆమె తల అడ్డముగా త్రిప్పెను. “మా అన్న బండి కట్టుకొచ్చాడు గాని రథమెక్కి రాలేదు. ఇది మా పాట కాదు.” నిజమే. యంత్రము ఎన్నడో చదివిన రాజుల కథలనుండి రథమును తోలుకొనివచ్చినది. ఆ చరణమును తీసివేసి, ఆ చోటును ఖాళీగా ఉంచి, ‘ఇచ్చట ఒక చరణము మరచితిమి’ అని వ్రాసితిమి. కొన్ని మాసములకు మా మేనత్త ఒక పెండ్లికి వచ్చి, ఆ పాట విని, తాను ఎరిగిన మూడవ చరణమును పాడెను. అందులో అన్న కాలువమీద పడవలో వచ్చెను. మామ్మ ఒప్పుకొనలేదు, మేనత్త విడిచిపెట్టలేదు. వారి ఊరికి ఆ దినములలో బండి దారి లేదట. రెండు పాటలను రెండుగానే ఉంచితిమి. ఖాళీ చోటును యంత్రముతో పూడ్చియుండినచో, పడవ పాట మాకు ఎన్నటికిని దొరకియుండెడిది కాదు, ఇంక వెదకువారెవరు?

ఇప్పుడు ఆ పొరపాటు సంగతి.

మామ్మ పాడిన జోలలలో ఒకటి, ఆమె తొలి బిడ్డకు పాడినది. ఆ బిడ్డ రెండవ ఏట పోయెను. ఆ పాటను ఆమె మరల ఎవరికిని పాడలేదు. మా తండ్రికి కూడ పాడలేదు. ఒక రాత్రి దీపము తగ్గించి, ఉయ్యాల త్రాడు పట్టుకొని, అడుగకుండగనే పాడెను. పాడిన తరువాత, “ఇది మన గుమ్మం దాటకూడదు” అనెను. మేము సరే యంటిమి. కాని ఆ పాటను తక్కినవానితో కలిపియే యాప్‌లో ఉంచితిమి. మొదటిమారు యంత్రము పెట్టిన ‘ఇతరులకు పంపు’ మీటను రెండవమారు తీసివేయుమని మేము చెప్పలేదు. అదియు ప్రతి పాట క్రింద అట్లే ఉండెను. సంక్రాంతి నాడు తమ్ముడు ఉత్సాహముతో యాప్ నంతటిని మా బంధువుల వాట్సాప్ గుంపునకు పంపెను. మామ్మ మాట అతనికి తెలియును. ఆ క్షణమున తోచలేదు. నలుబది ఫోనులకు ఆ జోల చేరినది. మరునాడు దూరపు బంధువుల పిల్లయొకతె దానిని తన బిడ్డ ఫోటోకు జతపరచి, ‘మా మామ్మగారి పాట’ అని పంపెను. ఆ పిల్ల తప్పు ఏమున్నది? ప్రేమతోనే చేసినది. దానిని మామ్మ వినెను.

ఆమె ఎవరిని ఏమియు అనలేదు. మూడు వారములు నోరు తెరచి పాడలేదు. మేము ఒక్కొక్కరికి ఫోనుచేసి, తీసివేయుడని బ్రతిమాలితిమి. చాలమంది తీసివేసిరి. అందరును తీసివేసిరని ప్రమాణము చేయలేము. పంపిన పాట చల్లిన నీరు వంటిది.

ఆ తరువాత యాప్‌ను రెండుగా చీల్చితిమి. ఇందులో మీరు గమనింపవలసిన సాంకేతిక విషయము ఒకటి కలదు. ‘ఇది ఇంటి మట్టుకు’ అని మీటపై వ్రాసినంత మాత్రమున, లేక మీటను మరుగుపరచినంత మాత్రమున, పాట భద్రము కాదు. పాట ఆ యాప్‌లో ఉన్నంతవరకు, తెలిసినవాడు దానిని బయటికి తీయగలడు. అందుచేత ఊరికిచ్చు ప్రతిలో ఆ పాటయే ఉండకూడదు. మా ఊరి ప్రతిలో 33 పాటలు. ఇంటి ప్రతిలో 40. ఏ పాట ఏ ప్రతిలోనికి పోవలెనో మామ్మయే వేలితో చూపెను. నలుగురి ఎదుట పాడదగినది కాదని ఒక ఎగతాళి పాటను, మా పొరుగువారి పేరు వచ్చునదియు అని మరియొకదానిని తీయించెను. తమ్ముడు ఆమె కాళ్ళకడ కూర్చుండి ఆ పని చేసెను. అది ముగిసిన దినమున ఆమె తిరుగలి పాట నొకదానిని క్రొత్తగా పాడి, “ఇది ఊరికివ్వండి” అనెను. అది నలుబది యొకటవది.

తమ్ముని స్నేహితుడొకడు, మామ్మ గొంతును యంత్రమునకు నేర్పినచో ఆమె పాడని పాటలను కూడ ఆ గొంతుతోనే పాడించవచ్చునని చెప్పెను. అది ఇప్పుడు సాధ్యమే. మేము మామ్మను అడుగను కూడ లేదు. ఒకమారు కాలినది చాలును.

పంచాయతీలకు ఇందులో పని ఏమున్నదని మీరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో గ్రంథాలయములును, సాంస్కృతిక కార్యక్రమములును ఉన్నవి. రోడ్డు వేసిన పంచాయతీకి కనబడు ఫలితము ఉండును. పాటకు అట్టిది లేదు. అందుచే ఇది ఎప్పుడును వెనుకబడును. అయినను దీనికి కావలసిన ధనము స్వల్పము. మాకు చిన్న మైకునకును, పెన్‌డ్రైవులకును తప్ప వేరు ఖర్చు కాలేదు. కావలసినది మనుష్యులు. ప్రతి వార్డులో పాట తెలిసిన ముసలమ్మ ఎవరో స్వయం సహాయక సంఘముల స్త్రీలకు తెలిసినంతగా మనకు తెలియదు. ముద్రించు పని వారి కప్పగింపుడు. పెత్తనము మాత్రము పాడినవారిదే. అన్ని పేటలకు వెళ్ళుడు. ఊడ్పు పాటలు ఎక్కువగా ఎవరి నోట ఉన్నవో మీకు తెలియనిది కాదు. వారి పాటలు ముద్రించి, వారి పేర్లు విడిచిపెట్టుట గాని, సభలో మరియొకరిచే పాడించుట గాని జరుగరాదు.

పాడుటకు ముందే మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను ఒక పుస్తకములో వ్రాసికొనుడు. మీ పేరు చెప్పవచ్చునా? ఇది ఎందాక పోవచ్చును: ఇంటివరకా, ఊరివరకా, లోకమంతటికా? రేపు వలదన్న తీసివేయుటకు ఎవరిని అడుగవలెను? మూడవ జవాబులో మీ ఊరివారి పేరే ఉండవలెను. చదువురానివారి జవాబును వారి గొంతుతోనే ముద్రించుకొనవచ్చును. మేము ఇప్పుడు అట్లే చేయుచున్నాము.

చట్టము మాట కూడ తెలిసికొనుట మంచిది. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి రచయిత గతించిన తరువాత 60 సంవత్సరముల వరకు రచనపై హక్కు నిలుచును. తరతరములుగా వచ్చు ఇంటి పాటలకు రచయిత ఎవరో తెలియదు గాని, పాడినవారికి తమ గానముపై హక్కు కలదు. అది 1994 సవరణతో వచ్చినది. ఇప్పుడు దాని గడువు 50 సంవత్సరములు. సినిమా పాటలను, రేడియోలో వచ్చినవానిని, క్యాసెట్లలోని వానిని అనుమతి లేక మీ యాప్‌లో చేర్చకుడు. ఉత్సాహముతో కుఱ్ఱవారు తప్పక చేర్తురు; చూచుచుండుడు.

మరియొక సంగతి. ఊరి ప్రతిని ఎక్కడ ఉంచవలెనన్నది మాకింకను పూర్తిగా తేలలేదు. ప్రస్తుతము మా గ్రామ గ్రంథాలయములోని కంప్యూటరులో ఒకటి ఉన్నది. ఆ కంప్యూటరు పాతది. మీలో ఎవరి పంచాయతీలోనైన ఇంతకంటె మంచి ఏర్పాటు ఉన్నచో మాకు తెలుపుడు.

‘పొద్దు’ ఉన్న ఫోను ఆ బల్లమీద ఉన్నది. సభ ముగిసిన పిమ్మట మీరు స్వయముగా నొక్కి వినవచ్చును. ఇప్పుడు మధ్యాహ్నము గనుక రోలు బొమ్మ కనబడును. కోడి కూసిన కంగారు పడకుడు. ఇది ఊరి ప్రతి. ఇందులో ఉయ్యాల బొమ్మ క్రింద రెండు జోలలు మాత్రమే ఉన్నవి. మూడవది ఏదియని అడుగవలదు.